వాన పడకపోయినా కూనవరం, చింతూరు వైపు ఊళ్లు ఎందుకు మునుగుతాయి?

అక్కడి వరద అక్కడి వానతో వచ్చేది కాదు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పొంగి గోదావరి నిండుగా ఉంటే శబరి నీటికి దారి దొరకదు. వెనక్కి ఎగదన్ని చింతూరు దాకా వాగుల్లోకి ఎక్కుతుంది. దిగువన పాపికొండల మధ్య నది సన్నబడటం ఇంకో కారణం. పోలవరం ప్రాజెక్టు పనుల కోసం నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట (కాఫర్ డ్యామ్) కట్టాక నీళ్లు మరీ ఎక్కువ రోజులు నిలుస్తున్నాయన్నది ఊరివాళ్ల మాట. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు.

మరి ఖాళీ చేసి వెళ్లొచ్చుగా అంటారు. ఎక్కడికి? పోలవరం ముంపు ఊళ్లకు తొలి దశ పునరావాసం 41.15 మీటర్ల కాంటూరు లెక్కన, అంటే సముద్రమట్టం నుంచి ఆ ఎత్తు గీత లోపల ఉన్న ఊళ్లకే. ఆ గీతకు పైన ఉన్నాయని పక్కన పెట్టిన ఊళ్లూ 2022లో మునిగాయి. పరిహారం చేతికి రాకముందే ఇల్లు వదిలితే జాబితాలో పేరు పోతుందేమోనన్న భయం ఉండనే ఉంది. అందుకే నీళ్లు వాకిట్లోకి వచ్చేదాకా ఆగి, బియ్యం మూట, మేకలతో గుట్టెక్కి టార్పాలిన్ కింద తలదాచుకుంటారు. పట్టా వేరేవాళ్లది కాబట్టి పంట నష్టం లెక్కల్లో కౌలు రైతు పేరు తరచూ ఉండదు. నీళ్లు తీసేసరికి మళ్లీ నారు పోసే అదను కూడా దాటిపోతుంది.