కెరటోకోనస్ ఉన్న కంటిలో రెటీనా రక్తనాళాలు తగ్గాయని రిపోర్టు వస్తే

కెరటోకోనస్ (కంటి ముందరి పారదర్శక పొర అయిన కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఉన్న మీ తమ్ముడికి ఓసీటీ యాంజియోగ్రఫీ (కంటి వెనుక పొర అయిన రెటీనాలోని రక్తనాళాలను చూపే స్కాన్) చేయిస్తే రెటీనాలో రక్తనాళాల సాంద్రత తక్కువని వచ్చిందనీ, కార్నియా జబ్బు కంటి వెనుకకు కూడా పాకిందేమోననీ మీరు అడిగారు. కాలేజీ రోజుల నుంచి రెండు కళ్లలోనూ ఈ జబ్బు ఉన్నవాడిగా చెబుతున్నాను: ఆ అంకెను నమ్మే ముందు, అదే కాగితంలో సిగ్నల్ బలం (యంత్రానికి తిరిగి వచ్చిన వెలుగు ఎంత బాగా అందిందో చెప్పే అంకె) ఎంత ఉన్నదో చూడండి.

నాకూ ఇటువంటి రిపోర్టే వచ్చింది. గడ్డం ఆనించి, యంత్రం లోపలి గుర్తును చూడమన్నారు. నా కంటికి ఆ గుర్తు ఒక్కటిగా కాక, కిందికి జారిన నీడలతో మూడు నాలుగుగా కనిపిస్తుంది. ఏ నీడను చూడాలో తేలక చూపు చలించిపోతుంటే, టెక్నీషియన్ ‘కదలకండి సార్’ అంటూ మళ్లీ మళ్లీ తీశారు. చివరికి చేతికిచ్చిన చిత్రంలో కొన్నిచోట్ల నాళాలే లేనట్టు నల్లని మచ్చలున్నాయి. షుగరు వల్ల ఏటా రెటీనా పరీక్ష చేయించుకునే మా అమ్మ వాటిని చూసి బెంగపెట్టుకున్నది. రెటీనా డాక్టరు గారు మాత్రం చుక్కలు వేసి, కనుపాప విప్పారాక స్వయంగా లోపల పరిశీలించి, నాళాలు బాగానే ఉన్నాయన్నారు. ఆపైన, నేను రోజూ వాడే గట్టి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకొని మరోసారి స్కాన్ తీయించుకోమన్నారు. ఈసారి, మునుపు నల్లగా ఉన్న చోటనే సన్నని కేశనాళికల అల్లిక స్పష్టంగా కనిపించింది, సాంద్రత అంకె కూడా పెరిగింది. రెండు స్కాన్ల నడుమ రెటీనాలో కొత్త నాళాలు మొలవవు. మారినది కంటి ముందరి ఉపరితలం ఒక్కటే.

ఈ పరీక్షలో రంగు మందు ఎక్కించరు. ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేసి, కదిలే రక్తకణాల వల్ల మారిన ప్రతిఫలనాన్ని యంత్రం నాళంగా గుర్తిస్తుంది. ఆ వెలుగు లోపలికి వెళ్లేదీ, తిరిగి వచ్చేదీ కార్నియా గుండానే. మామూలుగా నడుమ సుమారు 540 మైక్రాన్ల మందం ఉండే ఆ పొర కెరటోకోనస్‌లో పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొచ్చి, వెలుగును చెదరగొడుతుంది. సిగ్నల్ బలహీనపడినప్పుడు మొదట మాయమయ్యేవి సన్నని నాళాలే, అందువల్ల అంకె పడిపోతుంది. గట్టి లెన్స్ పెడితే, దాని కింద నిలిచిన కన్నీరు ఎగుడుదిగుళ్లను నింపి నున్నని ఉపరితలాన్ని ఇస్తుంది.

కెరటోకోనస్ ఉన్నవారిలో సాంద్రత తగ్గిందని కొన్ని పరిశోధనలు చెప్పిన మాట నిజమే. చెప్పుకోదగ్గ తేడా లేదన్నవీ ఉన్నాయి. ఆ తగ్గుదలలో అధికభాగం కార్నియా కల్పించిన మసకేనని నా గట్టి నమ్మకం. లెన్స్ లేకుండా, సిగ్నల్ నాణ్యతను సరిచూడకుండా తీసిన చిత్రాలతో ఇరవై ఏళ్ల పిల్లలకు ‘రెటీనా కూడా దెబ్బతిన్నది’ అని చెప్పడం అన్యాయం. ఒక్క మాటైనా వివరించకుండా ఆ కాగితాన్ని కవరులో పెట్టి పంపే స్కాన్ సెంటర్ల మీద నాకు నిజంగా కోపం ఉన్నది.

గట్టి లెన్స్‌తో మీ తమ్ముడు అక్షరాల పట్టికలో చివరి వరుసల దాకా చదవగలిగితే, రెటీనా నడిమి భాగం చక్కగా పనిచేస్తున్నదనడానికి అది మంచి సూచన. లెన్స్ పెట్టినా చూపు మెరుగుపడకపోయినా, స్పష్టమైన చిత్రంలో కూడా నాళాలు తక్కువగానే కనిపించినా, షుగరో అధిక రక్తపోటో ఉన్నా రెటీనా నిపుణుడికి చూపించడం తప్పనిసరి. అవేవీ లేకపోతే, స్కాన్లకు పెట్టే ఖర్చును కార్నియా ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీ పరీక్షకు మళ్లించండి. ఈ వయసులో వేగంగా మారేది ఆ ఆకారమే. కళ్ల దురద ఉంటే దానికి మందు వేయించి, నులుముకునే అలవాటును ముందుగా మాన్పించండి.