రొయ్యలు పడని పిల్లాడికి ఉసిళ్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. మా బాబుకు ఎనిమిదేళ్లు, బరువు 21 కిలోలు. ఈ మధ్య పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 ఉందన్నారు. మొన్న వానలకు మా అత్తమ్మ ఉసిళ్లు (పుట్టల్లోంచి లేచే రెక్కల చెదపురుగులు) పట్టించి, వేయించి, బొరుగులు, వేయించిన శనగపప్పు కలిపి పిలకాయలందరికీ పెట్టింది. మావాడు గుప్పెడు తిన్నాడు. నోరు దురదగా ఉందని కాసేపు గోల చేసి ఊరుకున్నాడు. వాటితో రక్తం పడుతుంది, అలవాటైతే దురద అదే పోతుందని అత్తమ్మ అంటోంది. జిమ్‌కు పోయే మా మరిదేమో కీచురాళ్ల పొడిలో చికెన్ కంటే మూడు రెట్లు ప్రొటీన్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో తెప్పిస్తా, పాలలో కలిపి ఇవ్వమంటున్నాడు. మా పుట్టింట్లో ఇవి తినరు. నాకు టెన్షన్‌గా ఉంది. పురుగుల్లో నిజంగా అంత బలం ఉందా? బాబుకు పెట్టొచ్చా? వాడికి రొయ్యలు పడవు. తింటే మూతి వాచి దద్దుర్లు వస్తాయి, అందుకే పెట్టం. చేపలు బాగానే తింటాడు. చలికాలంలో పిల్లికూతలు వస్తుంటాయి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో రాసిన రొయ్యల సంగతి నుంచే మొదలుపెడతాను. బాబుకు ఇక ఉసిళ్లు పెట్టకండి. ఆ పొడి కూడా వద్దు. పురుగులు చెడ్డ తిండి అని కాదు, మీ బాబు ఒంటికి అవి పడవన్న అనుమానం బలంగా ఉంది.

రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. రొయ్యలు పడనివాళ్లలో చాలామందికి అలర్జీ తెచ్చేది ఇదే. రొయ్య, పీత, మిడత, చెదపురుగు, బొద్దింక అన్నీ ఒకే పెద్ద జాతికి చెందినవి కావడంతో వాటిలో ఈ ప్రొటీన్ దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే రొయ్య మీద అలర్జీ పెంచుకున్న ఒళ్లు, ఉసిళ్లు తిన్నా అదే పని చేయవచ్చు. బాగా వేయించాం కదా అంటారేమో, ఈ ప్రొటీన్ వేడికి చెడిపోయే రకం కాదు. ఐరోపా సమాఖ్య 2021లో ఎండబెట్టిన మీల్‌వర్మ్ అనే పురుగును ఆహారంగా అమ్ముకోవడానికి అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టింది. రొయ్యలు, పీతల్లాంటివి పడనివాళ్లకు, ధూళి పురుగుల అలర్జీ ఉన్నవాళ్లకు ఇది కూడా పడకపోవచ్చని ప్యాకెట్ మీద రాసి తీరాలన్నది ఆ షరతు.

ధూళి పురుగులంటే మన పరుపుల్లో, దిండ్లలో ఉండే, కంటికి కనిపించని జీవులు. వాటిలోనూ ఈ ప్రొటీన్ ఉంటుంది. బాబుకు చలికాలంలో వచ్చే పిల్లికూతలకు అవి కారణమా కాదా అన్నది పరీక్ష చేస్తేగానీ చెప్పలేం. అయినా మీరు ఆ మాట రాయడం మంచిదైంది. ఉబ్బసం ఉన్న పిల్లల్లో తిండి అలర్జీ వచ్చినప్పుడు ఊపిరి ఇబ్బంది ఎక్కువగా ఉంటుంది. మొన్న నోటి దురదతో ఆగింది కదా అని ధైర్యం చేయకండి. ఈసారీ అంతటితో ఆగుతుందన్న హామీ ఏమీ లేదు. పెద్దావిడ చెప్పినట్టు ఇంట్లో కొంచెం కొంచెం తినిపిస్తూ అలవాటు చేసే పని అసలు పెట్టుకోవద్దు.

ఎప్పుడైనా పొరపాటున రొయ్యో, పురుగో తిన్నాక మూతి, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, వరసగా వాంతులైనా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే మాత్రం ఆనించి కూర్చోబెట్టండి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్ర వేసి చూద్దాం, తగ్గకపోతే పోదాం అని ఇంట్లో కూర్చోకూడదు. చేపల్లో అలర్జీ తెచ్చే ప్రొటీన్ వేరు, కాబట్టి ఇప్పటిదాకా పడుతున్న చేపలు మానిపించాల్సిన పని లేదు. పీతలు మాత్రం అలర్జీ పరీక్ష అయ్యేదాకా ఆపండి. రొయ్యలు వేయించిన నూనెలో ఇంకేమీ వేయించి పెట్టకండి.

ఇక బలం సంగతి. పురుగుల్లో పోషకాలు ఉన్నమాట నిజం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదిక ప్రకారం ప్రపంచంలో మనుషులు తినే పురుగులు 1,900 రకాలకు పైనే. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు కూడా వచ్చింది. మన మెట్ట ఊళ్లలో ఉసిళ్లను యానాదుల తిండి అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. సరుకు చౌకగా దొరకని రోజుల్లో ఆ కుటుంబాలు పిల్లలకు మంచి కొవ్వు, ప్రొటీన్ ఈ దారిలో సంపాదించుకున్నాయి. పుట్ట వదిలి ఎగిరే ఈ రెక్కల పురుగులు కొత్త పుట్ట పెట్టుకునేదాకా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బతకాలి. వేయించేటప్పుడు నూనె వేయకపోయినా మూకుడు జిడ్డుగా అయ్యేది అందుకే. అంటే ఉసిళ్లు శక్తినిచ్చే తిండే. అయితే ఏడాదిలో నాలుగు వానలకు దొరికే గుప్పెడు ఉసిళ్లతో హిమోగ్లోబిన్ పెరగదు.

మీ మరిది చెప్పిన మూడు రెట్ల లెక్కలో ఒక మెలిక ఉంది. పొడిలో నీళ్లుండవు, పచ్చి చికెన్‌లో ముప్పావు వంతు నీళ్లే. ఎండు రొయ్యలను పచ్చి రొయ్యలతో తూచి చూసినట్టు ఉంటుంది ఆ పోలిక. పచ్చి కీచురాయిలో ప్రొటీన్ 100 గ్రాములకు సుమారు 20 గ్రాములు, చికెన్‌లోనూ దాదాపు అంతే. ఇంకోటి, ల్యాబుల్లో సాధారణంగా నత్రజనిని కొలిచి దాన్నుంచి ప్రొటీన్ లెక్క కడతారు. పురుగు పైపెంకులో ఉండే కైటిన్‌లో కూడా నత్రజని ఉంటుంది గానీ అది ప్రొటీన్ కాదు. అందువల్ల ప్యాకెట్ మీది అంకె అసలుకన్నా కొంచెం ఎక్కువే కనిపిస్తుంది. ఆయనకు రొయ్యలు పడితే, యూరిక్ యాసిడ్ బాధ లేకపోతే, డబ్బులు దండిగా ఉంటే తాగనివ్వండి. కొనేముందు ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉందో లేదో చూసుకోమనండి. ఆ డబ్బులతో ఎన్ని గుడ్లు వస్తాయో కూడా ఒకసారి లెక్క వేసుకోమనండి.

బాబు వయసు పిల్లలకు రోజుకు కావాల్సింది సుమారు 23 గ్రాముల ప్రొటీన్ అని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒక గుడ్డుకు 6, గ్లాసు పాలకు 6, గుప్పెడు వేరుశనగలకు 7 గ్రాముల దాకా వస్తుంది. అన్నం, పప్పు, చేప కలిస్తే లెక్క దాటిపోతుంది. ఏ పొడీ అక్కర్లేదు.

అసలు చూడాల్సింది ఆ 9.8 సంగతి. ఈ వయసులో 11.5 కన్నా తక్కువుంటే రక్తహీనత అంటాం, అంటే బాబుది చిన్న లోటు కాదు. దీన్ని తిండితోనే సరిచేద్దామనుకుంటే నెలలు గడిచిపోతాయి. పిల్లల డాక్టర్ బరువును బట్టి ఐరన్ సిరప్ రాస్తారు, నులిపురుగుల మాత్ర ఇస్తారు. సిరప్ వేసుకున్న గంటలో పాలు, టీ ఇవ్వకండి. నిమ్మరసం నీళ్లతో ఇస్తే ఐరన్ బాగా ఒంటపడుతుంది, మీ వైపు నిమ్మకాయలకు కొదవా? మలం నల్లగా వస్తే భయపడకండి, అది మందు వల్లే. కోర్సు మధ్యలో ఆపకుండా, డాక్టర్ చెప్పిన రోజుకు మళ్లీ హిమోగ్లోబిన్ చూపించండి. అప్పటికీ పెరగకపోతే కారణం ఐరన్ లోపమేనా, ఇంకేదైనానా అని వెతుకుతారు.

మిగతా పిలకాయలకు రొయ్యలు పడితే, అత్తమ్మ పెట్టే ఉసిళ్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఎక్కడివి పట్టారన్నదే అడగండి. నిమ్మతోటల్లో, ఇళ్ల పునాదుల్లో చెదకు క్లోరిపైరిఫాస్ లాంటి మందులు పోస్తారు. ఆ చుట్టుపక్కల లేచినవి తినకూడదు, వేయించినంత మాత్రాన మందు పోదు. కువైట్‌లో 1988-89లో మిడతల దండు వచ్చినప్పుడు జనం పట్టుకున్న మిడతల్లో పురుగుమందు అవశేషాలు దొరికాయి. తెల్లారేదాకా బిందెలో చచ్చి పడి ఉన్నవి కూడా పారేయాలి. పట్టినవి పట్టినట్టే వేయించి, చేటలో చెరిగి రెక్కలు పూర్తిగా తీసేయాలి. రాత్రిపూట పిల్లలను పుట్టల దగ్గరికి పంపకండి. వానకు ఉసిళ్లు లేచిన చోటికి కప్పలు వస్తాయి, కప్పల వెనకే పాములు వస్తాయి. వానాకాలం రాత్రుల్లో ఆస్పత్రికి వచ్చే పాముకాట్లలో చాలావరకు చెప్పులు, టార్చి లేకుండా బయటికి పోయినవాళ్లవే.

పరీక్షకు నెల్లూరులో అలర్జీలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రొయ్యకు, ధూళి పురుగులకు చర్మం మీద చుక్క వేసి గుచ్చి చూసే పరీక్ష ఉంది, రక్తంలో ఐజీఈ అనే అలర్జీ పరీక్ష కూడా చేస్తారు. బాబు తిన్నప్పుడు ఏమేమైందో, ఎంతసేపటికి మొదలైందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, పరీక్ష ఫలితం కన్నా అదే డాక్టర్‌కు ఎక్కువ పనికొస్తుంది. చర్మ పరీక్ష చేసేట్టయితే సెట్రిజిన్ లాంటి మందులు సుమారు వారం ముందే ఆపాల్సి ఉంటుంది, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. పిల్లికూతలకు వాడే ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.