'సెట్' అనే మాటకు అన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

చిన్న ఇంగ్లిష్ మాట 'సెట్'కు చోటునుబట్టి అర్థం ఎందుకు మారుతుందని అడిగారు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ ఈ మాటదే.

పుట్టుక తెలిస్తే చిక్కు చాలావరకు వీడుతుంది. 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. అలారం పెట్టడం, ఉంగరంలో రాయి పొదగడం, విరిగిన ఎముకను సరిచేయడం, అన్నీ ఒకదాన్ని దాని చోట కూర్చోబెట్టడమే.

కడపలో మా ఇంటికి బండలు పరిచేటప్పుడు మేస్త్రీ ఒక్కో బండను తడి సిమెంటు మీద పెట్టి, నాలుగు మూలలా తట్టి, "ఇంకా సెట్ కాలేదు సామీ, తొక్కాకండి" అన్నాడు. అక్కడ అర్థం గట్టిపడటం. పెరుగు తోడుకోవడానికీ ఇదే మాట.

గాజుల సెట్ వేరే కొమ్మ. గుంపు అనే ఆ అర్థం ఫ్రెంచి మీదుగా లాటిన్ 'సెక్టా' నుంచి వచ్చింది. ఈఏపీసెట్‌లోది అసలు ఈ మాటే కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కు పొడి అక్షరాలు.

"సంబంధం సెట్ అయింది" మాత్రం మనదే. 'కుదిరింది' అనే తెలుగు మాటను దాంట్లో పోసుకున్నాం. నాకు ఈ వాడుకంటే చాలా ఇష్టం, కానీ పరీక్షలో ఇంగ్లిష్ వాక్యంగా రాయకండి.