అలిగే కుక్కకు ఎంతవరకు లొంగాలి?

ప్రశ్న: మేము బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాము. మా ఇంట్లో 5 ఏళ్ల ఆడ స్పిట్జ్ కుక్క ఉంది. పేరు చిన్ని, బరువు 9 కిలోలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. పెరుగన్నం స్టీలు గిన్నెలో పెడితే ముట్టదు, పింగాణీ పళ్లెంలోనే పెట్టాలి. మా అత్తయ్యగారు పక్కన పీట వేసుకుని కూర్చుని బతిమాలాలి. అప్పటికీ మూతి తిప్పుకుంటే గుడ్డో చికెన్ ముక్కో కలపాలి. వాన కురిస్తే తడి నేల మీద కాలు పెట్టదు. అత్తయ్యగారి పాత చీర మీద తప్ప పడుకోదు. ఈ మధ్య మామయ్యగారి పడక కుర్చీ ఎక్కి, ఆయన దగ్గరికి వస్తే గుర్రుమంటోంది. వచ్చే నెలలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి అందరమూ విజయవాడ వెళ్లాలి కనుక దీనిని బోర్డింగులో ఉంచక తప్పదు. ఇది జబ్బా, గారాబమా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు రాసిన అలవాట్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి. వాటిలో కొన్ని మీరు నేర్పినవి, కొన్ని దాని స్వభావం, ఒకటి మాత్రం నిజంగా పట్టించుకోవలసినది.

ముందు జబ్బు సంగతి చూద్దాము. మొదటి నుంచీ తిండి దగ్గర పేచీ పెట్టే కుక్క వేరు, నిన్నటి దాకా ఇష్టంగా తిన్నది ఇవాళ హఠాత్తుగా వదిలేసే కుక్క వేరు. రెండో రకమైతే దాన్ని అలక అనుకుని ఊరుకోరాదు. మన వాతావరణంలో గోమార్లు ఏడాది పొడుగునా ఉంటాయి కాబట్టి వాటి వల్ల వచ్చే టిక్ ఫీవరులో తరచుగా మొదట కనబడేది తిండి మానేయడమే. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. అంతకు మించితే పశువైద్యునికి చూపించండి. ఒక పక్కనే నములుతున్నదా, నోటి నుంచి దుర్వాసన వస్తున్నదా అన్నదీ గమనించండి. చిన్న జాతి కుక్కలకు చిగుళ్ల జబ్బులు ఎక్కువ.

ఒంట్లో ఏ లోపమూ లేదని తేలితే, మీ ఉత్తరంలోనే కారణం ఉంది. చిన్ని మూతి తిప్పుకుంటుంది, అత్తగారు బతిమాలుతారు, చివరకు గుడ్డు వస్తుంది. ఇందులో పొగరేమీ లేదు. తినకుండా కూర్చుంటే ఇంకా మంచిది వస్తుందని అది అనుభవం మీద తెలుసుకున్నది. రోజూ ఇవ్వకుండా అప్పుడప్పుడు మాత్రమే లొంగుతున్నామని మీరు సర్దిచెప్పుకుంటే అది ఇంకా చేటు, ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు ఫలించే అలవాటే అన్నిటికంటే మొండిగా నిలుస్తుంది.

అయితే గుడ్డు కోరడంలో చిన్ని తప్పు లేదని కూడా చెప్పాలి. పెరుగన్నం ఒక్కటే కుక్కకు సరిపడే ఆహారం కాదు. దానికి మాంసకృత్తులు కావాలి. పశువైద్యుని అడిగి సమతుల ఆహారం ఏర్పాటు చేసి, గుడ్డునైనా చికెన్‌నైనా అలిగిన తరువాత కాక మొదటే కలిపి పెట్టండి. 9 కిలోల కుక్కకు రోజుకు సుమారు 580 కేలరీలు చాలు. ఒక ఉడికించిన గుడ్డులోనే 70 దాకా ఉంటాయి కనుక దానిని లెక్కలోకి తీసుకోండి. వేళకు పెట్టి, 20 నిమిషాలు చూసి, తినకపోతే మాట్లాడకుండా తీసివేయండి. మళ్లీ పూట దాకా నీళ్లు తప్ప ఏమీ ఇవ్వవద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానినందువల్ల ముప్పు లేదు కానీ, రోజంతా ఏమీ ముట్టకపోతే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. మొదట్లో మొరగడం, గిన్నె తోయడం ఎక్కువవుతాయి. మూడోనాడు జాలిపడి చికెన్ పెట్టారంటే మూడు రోజులు ఓపిక పట్టాలన్న పాఠం నేర్పినవారవుతారు. అత్తగారిని ఒప్పించడం కుక్కను ఒప్పించడం కంటే కష్టం కావచ్చు. ఆ బాధ్యత మీ వారికి అప్పగించండి. ఆమె జాలితో పెట్టే సాంబారన్నంలోని ఉల్లిపాయ, పరమాన్నంలోని కిస్‌మిస్ కుక్కకు విషమని చెబితే సగం పని అవుతుంది.

పింగాణీ పళ్లెం విషయంలో నా అనుమానం వేరు. మెడపట్టీకి బిళ్ల ఉంటే, తల వంచినప్పుడల్లా అది స్టీలు అంచుకు తగిలి టంగుమంటుంది. కొన్ని కుక్కలకు ఆ చప్పుడు గిట్టదు. పట్టీ తీసి ఒకసారి పెట్టి చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నమైతే కొంచెం వెచ్చచేయండి. మనిషి నాలుక మీద రుచి మొగ్గలు 9,000 దాకా ఉంటే కుక్కకు సుమారు 1,700 మాత్రమే కనుక అది ప్రధానంగా వాసనను బట్టే తింటుంది, చల్లని అన్నానికి వాసన తక్కువ.

తడి నేలను, చీరను వదిలేయండి. అవి ఎవరికీ కీడు చేయవు. పాదాలు తడవడం ఇష్టం లేని కుక్కను ఈడ్చుకుపోయి సాధించేదేమీ లేదు, వాన వెలిసే దాకా ఆగితే సరిపోతుంది.

కుర్చీ మాత్రం అలా కాదు. గుర్రుమనడం కరవడానికి ముందు చేసే హెచ్చరిక. దానికి కొడితే హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. పట్టీ పట్టి లాగకుండా, మామగారే కొంచెం దూరంలో నిలబడి పేరు పెట్టి పిలిచి, కిందికి దిగగానే చిన్న చికెన్ ముక్క ఇవ్వాలి. దిగితే లాభమేనని అర్థమయ్యే దాకా, ఆయన లేనప్పుడు కుర్చీ మీద ఒక పెట్టె పెట్టి ఉంచండి. ఎప్పుడైనా పళ్లు చూపినా, మీద పడబోయినా ఇంటి వైద్యం ఆపి, నిపుణుని పిలవండి.

బోర్డింగుకు పంపే లోపే తిండి మార్పు అలవాటు కావాలంటే ఈ వారమే మొదలుపెట్టండి. పెళ్లి దగ్గర పడిన తరువాత కొత్తవేవీ వద్దు. పంపేటప్పుడు అలవాటైన ఆహారం, పళ్లెం, ఉతకని ఆ పాత చీర వెంట ఇవ్వండి. రేబిస్, కెన్నెల్ కాఫ్ (కుక్కలకు వచ్చే అంటు దగ్గు) టీకాల కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి, చాలా చోట్ల అవి లేనిదే చేర్చుకోరు. ప్రయాణానికి వారం ముందు ఒక్క రాత్రి అక్కడ ఉంచి, తిన్నదో లేదో మరునాడు వాళ్లనే అడగండి.