ఏ షాపు మానెయ్యాలి, ఎవరినడిగి మానెయ్యాలి

విజయవాడ పటమట నుంచి ఒకమ్మాయి అడిగింది: "అక్కా, ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాను. కొన్ని కంపెనీల సరుకులు నేను ఇక్కడే కొనను. నువ్వొక్కదానివి మానేస్తే వాళ్ళకేం లెక్క అని ఇంట్లో అందరూ నవ్వుతారు. ఇప్పుడు సీనియర్ల వాట్సాప్ గ్రూపులో ఈ షాపులకు వెళ్ళొద్దంటూ ఒక లిస్టు తిరుగుతోంది. కొన్నిటి పక్కన కారణం రాశారు. కొన్నిటి పక్కన ఓనరుది ఫలానా కులం, ఫలానా మతం అని మాత్రమే ఉంది. వెళ్ళాక నేను ఈ లిస్టు పాటించాలా?"

పాటించక్కర్లేదమ్మా. అందులో సగం అసలు చదవక్కర్లేదు కూడా.

న్యూజెర్సీ నుంచి వచ్చి ఈ నెలంతా గుంటూరులో అమ్మ దగ్గరే ఉన్నాను. లక్ష్మీపురంలో మా ఇంటికి రోజూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో వస్తున్నారు. సూట్‌కేసు బరువు దగ్గర్నుంచి బ్యాంకు అకౌంటు దాకా అన్నీ అడుగుతున్నారు, ఇది మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆ కులం, మతం సంగతి తేల్చేద్దాం. ఓనరు ఏం చేశాడో రాయకుండా ఎవరో మాత్రమే రాసిన పేర్లన్నీ నీ మనసులోంచి కొట్టెయ్. 1991లో తెనాలి పక్కన చుండూరులో, సినిమా హాల్లో మొదలైన గొడవ తర్వాత, ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు దళితులను వెలివేశారు. ఆ ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపేశారు. అప్పటికి అది మన గుంటూరు జిల్లాయే. బహిష్కరణ ఎక్కడిదాకా పోతుందో మనవాళ్ళకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు సాంఘిక బహిష్కరణనూ, ఆర్థిక బహిష్కరణనూ నేరాల్లో చేర్చారు. ఇంత జరిగిన నేల మీద పుట్టి, సముద్రాలు దాటి వెళ్ళి, అక్కడ ఇడ్లీ రవ్వ కొనుక్కోవడానికి కులం చూస్తారా? నాకు ఈ మాట రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. కారణం లేని పేర్లు తీసెయ్యండని గ్రూపులో ఒక్క ముక్క రాయి. అందరి ముందూ రాయడం మొహమాటమైతే ఆ లిస్టు పెట్టిన సీనియర్‌కి విడిగా ఫోన్ చేసి చెప్పు. కొత్తదానివని ఊరుకోవద్దు.

ఇక కారణం ఉన్నవాటి సంగతి. షాపు మానెయ్యడం ఎలాగో నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పట్నంబజారులో ఒక కిరాణా కొట్లో మాకు ఖాతా ఉండేది, నెల వెచ్చాలన్నీ అక్కడే. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ కొట్లో పదేళ్ళ పిల్లాడు ఒకడు పనికి చేరాడు. పొట్లాలు కట్టేవాడు, మూటలు రిక్షాలోకి మోసేవాడు. ఒకరోజు బెల్లం దిమ్మ చెయ్యి జారి కిందపడితే కొట్టాయన అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాడు. అమ్మ అప్పటికే ఇచ్చిన సరుకుల చీటీ వెనక్కి తీసుకుంది. మడిచి సంచీలో పెట్టుకుని, "ఈ పిల్లాణ్ణి బళ్ళో వెయ్యండి, అప్పుడొస్తాను. అందాకా మీ కొట్లో ఉప్పు కూడా కొనను" అంది. కేకలెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే ఖాతాలో బాకీ మొత్తం నాన్నతో పంపించేసింది. కొన్నాళ్ళకి ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది, పిల్లాడు బడికి వెళ్తున్నాడని. అమ్మ కబురు నమ్మి ఊరుకోలేదు. బడికి వెళ్ళి వాణ్ణి కళ్ళతో చూసి, ఆ సాయంత్రం మళ్ళీ చీటీ రాసింది.

ఎందుకు రావట్లేదో చెప్పకుండా మానేస్తే కొట్టాయన ఏమనుకుంటాడు? వీళ్ళు ఇల్లు మారారేమో అనుకుంటాడు. ఏం చేస్తే మళ్ళీ వస్తావో కూడా చెప్పాలి, అది చేస్తే నిజంగా వెళ్ళాలి. అమెరికాలో మన షాపులు చాలామటుకు ఓనర్లే కౌంటర్లో కూర్చుని నడిపేవి, కాబట్టి ఎదురుగా చెప్పే వీలుంది. పెద్ద చెయిన్ అయితే కస్టమర్ సర్వీసుకి రెండు లైన్లు రాసి పంపు.

2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వారం న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళందరం సోనామసూరి బస్తాల కోసం షాపుల చుట్టూ తిరిగాం. ఒక షాపాయన అప్పటికే గోడౌన్లో ఉన్న పాత సరుకు మీదే రాత్రికి రాత్రి రేటు రెట్టింపు చేశాడు. మరో షాపాయన ఇంటికో బస్తా అని బోర్డు పెట్టి, పాత రేటుకే ఇచ్చాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ధరల దోపిడీని ఆపే చట్టాలు ఆ రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడే పనిచేస్తాయి. ఢిల్లీలో తీసుకున్న ఎగుమతి నిర్ణయానికి అవి రావు. అంటే ఆ మొదటాయన మీద ఫిర్యాదు చేసినా లాభం లేదు, మన చేతిలో ఉన్నది కొనకపోవడం ఒక్కటే. ఆయనకి అదే మాట చెప్పి మానేశాను. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు, బియ్యం మళ్ళీ మామూలుగా దొరుకుతున్నాయి. నేను మాత్రం ఇప్పటికీ ఆ రెండో షాపుకే, పది నిమిషాలు ఎక్కువ డ్రైవ్ చేసుకుని మరీ వెళ్తాను. చెడ్డ షాపు మానెయ్యడం మీద పెట్టిన శ్రద్ధ మంచి షాపు నిలబెట్టడం మీద కూడా పెట్టండి.

నీకు అక్కడ నిజంగా ఎదురయ్యే పెద్ద చిక్కు ఇంకోటుంది. మన షాపులో, మన హోటల్లో, మన ఊరి పిల్లాడే లెక్కల్లో లేకుండా, చేతికిచ్చే డబ్బుకి పనిచేస్తూ కనిపిస్తాడు. ఎఫ్-1 వీసా, అంటే చదువుకునేవాళ్ళ వీసా మీద వచ్చినవాళ్ళు కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చెయ్యొచ్చు. అనుమతి లేకుండా బయట చెయ్యకూడదు. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని కొందరు ఓనర్లు గంటకి ఇంతని చేతిలో పెడతారు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ 7.25 డాలర్లు, న్యూజెర్సీలో అయితే చాలా ఉద్యోగాలకి 2024 నుంచి 15 డాలర్ల పైమాటే. వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఈ పిల్లలకి ఇందులో ఏదీ రాదు. అడిగితే రేపట్నుంచి రావద్దంటారు.

అది చూడగానే నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఫొటో తీసి గ్రూపులో పెట్టావనుకో, ఓనరుకి అయ్యేది ఒక ఫైను, ఆ పిల్లాడికి పోయేది వీసా. వాడి వెనక నరసరావుపేట దగ్గరో పొన్నూరు దగ్గరో పొలం తాకట్టు పెట్టిన నాన్న ఉంటాడు. కాబట్టి ముందు వాడితో మాట్లాడు. షాపులో కాదు, బయట. ఏం కావాలో వాణ్ణే అడుగు. క్యాంపస్‌లో డైనింగ్ హాల్లోనో లైబ్రరీలోనో ఖాళీలుంటే చెప్పు, తెలిసినవాళ్ళతో మాట్లాడించు. చేసిన పనికి రావాల్సిన జీతం ఎగ్గొట్టారంటే అడిగే హక్కు వాడికుంది. వీసా ఎలాంటిదైనా, చేసేసిన పనికి వేతన చట్టం వర్తిస్తుందనే అక్కడి కార్మిక శాఖ చెబుతుంది. అయితే వీసా నియమం తప్పిన సంగతి వేరే ఉంది కదా, అందుకని ఫిర్యాదుకి ముందు ఇమిగ్రేషన్ లాయర్ని కలవాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగానో తక్కువ ఫీజుకో న్యాయ సలహా ఇచ్చే ఆఫీసు ఉంటుంది, అక్కడ మొదలుపెట్టమను. నువ్వు ఆ షాపుకి వెళ్ళడం మానేస్తే వాడి పేరు ఎత్తకుండా, వాడు లేనప్పుడు, ఓనరుకి కారణం చెప్పు. నీకు మాత్రం ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆ పనికి వెళ్ళకు.

పెద్ద కంపెనీల విషయంలో కూడా నేను ఇదే అడుగుతాను. ఈ బహిష్కరణ ఎవరు కోరారు? నష్టపోయినవాళ్ళా, దూరం నుంచి చూసినవాళ్ళా? కాలిఫోర్నియాలో డెలానో ద్రాక్షతోటల కూలీలు 1965లో సమ్మెకి దిగారు. ద్రాక్ష కొనకండని ఆ కూలీలే దేశమంతా తిరిగి అడిగారు. జనం మానేశారు. 1970లో తోటల యజమానులు కూలీల సంఘంతో ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారినా మర్నాడు పనికి రమ్మన్నారు. చనిపోయినవాళ్ళు కుట్టిన బట్టలు వేసుకున్నది అమెరికా, యూరప్ జనమే. అప్పుడు బంగ్లాదేశీ బట్టలు మానేద్దామని చాలామంది అన్నారు. అక్కడి కార్మిక నాయకులు మాత్రం ఆర్డర్లు ఆపొద్దు, భద్రతా ఒప్పందం మీద కంపెనీల చేత సంతకం పెట్టించండి అన్నారు. చాలా బ్రాండ్లు సంతకం పెట్టాయి, ఫ్యాక్టరీల తనిఖీలు మొదలయ్యాయి. ఒకచోట మానెయ్యమన్నారు, ఇంకోచోట మానొద్దన్నారు. రెండుచోట్లా వినాల్సింది ఆ పనివాళ్ళ మాటే.

అన్నీ ఒకేసారి మానేద్దామని చూడకు. ఒకటో రెండో పట్టుకో, వాటి సంగతి పూర్తిగా తెలుసుకో. కోక్ మానేసి థమ్సప్ తాగేవాళ్ళు మన బెజవాడలో కావలసినంతమంది. థమ్సప్ 1993 నుంచీ కోకకోలాదే. అమెజాన్‌లో కొనను అని హోల్‌ఫుడ్స్ అనే సూపర్‌మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళని అక్కడా చూశాను. 2017 నుంచి అది అమెజాన్ సొంతం.

సొంత నియమాల కోసం మానేవి వేరే. నువ్వు శాకాహారివైతే మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ ఇక్కడ తిన్నట్టు అక్కడ తినకు. అమెరికాలో వాటి తయారీలో గొడ్డుమాంసం రుచి కలుపుతారు. దీనిమీద శాకాహారులు, హిందువులు కోర్టుకెళితే 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. రుచి మాత్రం అలాగే ఉంది. ఇక్కడిలా ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉండదు, వెనక పదార్థాల జాబితా చదువుకోవాలి. పెరుగులో, గమ్మీ మిఠాయిల్లో జెలటిన్ ఉందేమో చూసుకో, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. రూమ్మేట్ల మీద మాత్రం నీ నియమం రుద్దొద్దు. ఉమ్మడి సరుకుల లెక్కలోంచి నువ్వు తిననివి తీసి వేరే రాసుకుంటే ఏ గొడవా ఉండదు.

ఒక్కదానివి మానేస్తే ఏమవుతుందని ఇంట్లోవాళ్ళు నవ్వుతారన్నావు. చీరాల, పేరాలను బలవంతంగా మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. అమెరికాలో 1955 డిసెంబరులో మాంట్‌గామరీ అనే ఊళ్ళో నల్లవాళ్ళు సిటీ బస్సులెక్కడం మానేసి, 381 రోజులు నడిచారు, ఉన్నవాళ్ళ కార్లలో సర్దుకుని వెళ్ళారు. చివరికి సుప్రీంకోర్టు తీర్పుతో బస్సుల్లో తెల్లవాళ్ళకి, నల్లవాళ్ళకి వేర్వేరు సీట్లు పోయాయి. ఇళ్ళు వదిలినవాళ్ళకి పాకలున్నాయి, బస్సులు మానినవాళ్ళకి కార్లున్నాయి. ఆ ఏర్పాటు చేసినవాళ్ళవల్లే అన్నాళ్ళు సాగింది. నువ్వూ అక్కడ నీలా ఆలోచించే నలుగురిని వెతుక్కో. ఒక కారుంటే మంచి షాపుకి నలుగురూ కలిసి వెళ్ళొచ్చు.

కారు లేనన్నాళ్ళూ, మంచులో నడవాల్సినన్నాళ్ళూ, బస్సు ఏ షాపు ముందు ఆగితే అక్కడే కొనుక్కో. దానికి బాధపడొద్దు. ఆకలితో ఉండి కంపెనీలకి బుద్ధి చెప్పమని నేను ఏ పిల్లకీ చెప్పను.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను, మీ అమ్మానాన్నలకి ధైర్యంగా ఉంటుంది. నువ్వు కొనకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హింస లేని రాజకీయ బహిష్కరణకి రాజ్యాంగ రక్షణ ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1982లో మిసిసిపీ రాష్ట్రపు కేసులో తేల్చింది. కానీ షాపు ముందు ధర్నాలు, తలుపు దగ్గర అడ్డు నిలబడడాలు వీసా మీద ఉన్నన్నాళ్ళూ పెట్టుకోకు. రివ్యూ రాస్తే నీ కళ్ళతో చూసిందే రాయి, తారీఖు వెయ్యి, బిల్లు దాచుకో. ఎవరో చెప్పారని రాస్తే పరువునష్టం దావా మెడకు చుట్టుకోవచ్చు. తూకంలో మోసం అయితే రివ్యూతో ఆగిపోకు. అక్కడా తూనికలు, కొలతల శాఖ ఉంటుంది, మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరుతో వెతికి ఫోన్ చెయ్యి. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ కాటా తనిఖీ చేస్తాడు.