కాలిఫోర్నియాలో పెరట్లో రెండో ఇల్లు కట్టుకోవచ్చా?

అమ్మానాన్నల కోసం పెరట్లో చిన్న ఇల్లు కడదామంటే సిటీ అడ్డుపడుతుందా అని చాలామంది అడుగుతుంటారు. కాలిఫోర్నియాలో అయితే ఆ టెన్షన్ చాలావరకు అక్కర్లేదు. ఒకే కుటుంబం ఉండే ఇంటి స్థలంలో అదనంగా ఒక చిన్న ఇల్లు, అంటే ఏడీయూ, కట్టుకునే హక్కు రాష్ట్ర చట్టమే ఇచ్చింది. సిటీకి సొంత నిబంధనలు ఉండొచ్చు, కానీ అవి రాష్ట్ర చట్టానికి లోబడే ఉండాలి.

ముఖ్యమైన సంగతి 800 చదరపు అడుగుల లెక్క. పక్కల, వెనక 4 అడుగులు వదిలి, 16 అడుగుల ఎత్తు దాటకుండా ఆ సైజులో కడితే, స్థలంలో ఇంత శాతమే కట్టాలన్న రూల్ చూపించి సిటీ కాదనలేదు. పొరుగువాళ్ల అభ్యంతరాలు వినే బహిరంగ విచారణ కూడా ఉండదు. అన్ని కాగితాలతో దరఖాస్తు అందాక 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే.

ఇల్లు 750 చదరపు అడుగుల లోపే ఉంటే ఇంపాక్ట్ ఫీజు, అంటే కొత్త ఇంటి వల్ల రోడ్లు, పార్కుల వంటి వాటిపై పడే భారానికి వసూలు చేసే రుసుము, ఉండదు. అందుకే, మరీ అవసరమైతే తప్ప ఆ గీత దాటొద్దంటాను. బస్సో రైలో అర మైలు నడకలో ఉంటే అదనపు పార్కింగ్ అడగకూడదు. గ్యారేజీని ఇల్లుగా మార్చినా అంతే.

హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) వాళ్లు పూర్తిగా వద్దనలేరు, డిజైన్ విషయంలో మాత్రం సమంజసమైన షరతులు పెట్టొచ్చు. ఈ చిన్న ఇంటిని అసలు ఇంటి నుంచి విడిగా అమ్మడం సాధారణంగా సిటీ ప్రత్యేకంగా ఒప్పుకున్నచోటే కుదురుతుంది.