ఎక్మో పెట్టిన కాలు: ఫ్లాప్ వేయించాలా, తీసేయించాలా?

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కనిగిరిలో ఉండే మీ తమ్ముడికి గుండె పనిచేయక ఎక్మో (నెత్తుర్ని పైపులతో బయటికి తీసి, గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసి తిరిగి ఒంట్లోకి పంపే మిషన్) పెట్టారు. గుండె కోలుకుంది గానీ ఆ పైపు వేసిన కాలు మోకాలి కింద చచ్చుబడింది, పిక్క రెండు పక్కలా కోసి వదిలారు. డాక్టర్లు ఫ్లాప్ (ఒంట్లో వేరే చోటి నుంచి చర్మం, కొవ్వు రక్తనాళంతో సహా తెచ్చి పుండు మీద కుట్టడం) అంటున్నారు, బంధువులు కాలు తీసేయించమంటున్నారు. ఎవరికైనా ఇట్టా జరిగిందా అని అడిగారు.

నాకు జరిగింది. మాది కావలి దగ్గర, తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటలు. 2022లో నాలుగు రోజులు జ్వరం, ఐదో రోజు పడుకుంటే ఊపిరాడలేదు. వైరస్ వల్ల గుండె కండరం వాచిందన్నారు. నెల్లూరులో చూసి చెన్నైకి పంపారు. అక్కడ ఎక్మో అనగానే మా అమ్మ కూలబడిపోయిందట. మన వైపు ఆ మాట అందరికీ తెలిసింది 2020లో బాలు గారు చెన్నై ఆసుపత్రిలో దాని మీద ఉన్నప్పుడే కదా. ఆ మాటంటే ఇక అయిపోయినట్టే అనుకుంది. నాకు మాత్రం ఆరు రోజుల్లో గుండె తిరిగి కొట్టుకుంది. ఆ ఆరు రోజులూ నాకేమీ తెలియదు. తర్వాత మా ఆవిడ చెప్పిందే నాకు తెలిసిన కథ.

కాలికి ఎందుకు ఇట్టా అవుతుందో నాకు అర్థమైన తీరు చెప్తాను. గుండె కోసం పెట్టే ఎక్మోలో గజ్జల్లోని పెద్ద ధమనిలోకి లావు పైపు దూర్చి, రక్తాన్ని పైకి, గుండె వైపు తోస్తారు. కాలవలో అంత లావు పైపు అడ్డం పెట్టి నీళ్ళన్నీ ఎగువకి తోడితే దిగువ గుంటకి ఏం మిగులుతుంది? అందుకే కింది కాలి కోసం విడిగా ఒక సన్న పైపు వేస్తారు. నాకు అది ఆలస్యంగా వేశారు. రెండో రోజు రాత్రి పాదం మంచులా ఉందని మా ఆవిడే నర్సుకి చూపించిందట. నెత్తురు అందకపోతే కండరం ఆరు గంటలకు మించి తట్టుకోవడం కష్టం. నెత్తురు తిరిగి పారాక కండరం ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉన్న పొర సాగదు, లోపలి ఒత్తిడికి మిగిలిందీ నలిగిపోతుంది. ఆ ఒత్తిడి తీయడానికే పిక్కని రెండు పక్కలా కోసేది. చాలా రోజులు ఆ ఆసుపత్రి మీద కోపంగానే ఉన్నాను. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ మిషన్ లేకపోతే కోపం పెట్టుకోవడానికి నేనుండేవాణ్ణి కాదు, అది కూడా నిజమే.

మీ ప్రశ్నకి వస్తాను. ఉంచాలా తీయాలా అన్నది బంధువులు చెప్పేది కాదు, కాలే చెప్పాలి. మా ప్లాస్టిక్ సర్జన్ మూడు చూశాడు: పాదానికి నెత్తురు పారుతోందా, అరికాలికి స్పర్శ ఉందా, పిక్క వెనక కండరాలు బతికున్నాయా. నాకు ముందు వైపువీ, బయటి వైపువీ పోయాయి గానీ వెనకవి మిగిలాయి. అందుకే ఉంచారు. నా పక్క బెడ్ అతనికి అరికాలు మొద్దుబారిపోయి, చీము పైకి పాకుతుంటే మోకాలి కింద తీసేశారు. అతను జైపూర్ కాలుతో నాకంటే నాలుగు నెలల ముందే నడిచాడు. కాబట్టి తీయడం ఓడిపోవడం కాదక్కా. మీ తమ్ముడి ముందర ఎవరినీ అట్టా మాట్లాడనీయకండి.

ఫ్లాప్ ఎందుకంటే, చర్మం ఒక్కటే తీసి అతికిస్తే కింద కండరం ఉన్న చోట పట్టుకుంటుంది, బోడి ఎముక మీద పట్టదు. చచ్చిన కండరం తీసేశాక నా ముందు ఎముక నాలుగు వేళ్ళ వెడల్పున బయటపడింది. మూడుసార్లు థియేటర్‌కి తీసుకెళ్ళి శుభ్రం చేశారు, మధ్యలో పుండు మీద స్పాంజి పెట్టి మిషన్‌తో చీము లాగారు. ఆ తర్వాత రెండో తొడ నుంచి చర్మం, కొవ్వు, దాని రక్తనాళంతో సహా కోసి తెచ్చి, మైక్రోస్కోప్ కింద పిక్కలోని నాళానికి కలిపి కుట్టారు. మొత్తం తొమ్మిది గంటలు. ముందుగా సిటి యాంజియోగ్రామ్ (రక్తనాళాలు కనబడే స్కాన్) తీయించారు, ఎక్మో పైపు ఉన్న ధమని ఎట్టా ఉందో తెలియకుండా దాని కింద కుట్టడానికి లేదని. మీరు కూడా అది తీశారా అని అడగండి.

మొదటి మూడు రోజులు గంటగంటకీ నర్సు వచ్చి చిన్న డాప్లర్ (నాళంలో నెత్తురు పారే శబ్దం వినిపించే పరికరం) ఆనించేది. గుస్సు గుస్సుమని శబ్దం వస్తే ఫ్లాప్ బతికున్నట్టు. రాత్రి ఒంటి గంటకి ఒకసారి ఆ శబ్దం వినపడలేదు. ఆమె జెల్లు రాసి, అర అంగుళం పక్కకి జరిపింది, వినపడింది. ఆ అర నిమిషంలో పడ్డ టెన్షన్ గుంటలో కరెంటు పోయి, రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు ఆగినప్పుడు కూడా పడలేదు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఈ దశలో ఫ్లాప్ పోయే ప్రమాదం ఎక్కువ, మీ తమ్ముడితో ముందే గట్టిగా చెప్పండి.

ఇక నా విషయంలో జరిగిన పొరపాటు. పుండు మానితే చాలని అందరం పుండునే చూస్తూ కూర్చున్నాం. పాదం కిందికి వాలిపోయి ఉంది, దాన్ని ఎవరం పట్టించుకోలేదు. మూడు నెలలకి మడమ వెనక స్నాయువు (పిక్క కండరాన్ని మడమకి కట్టే తాడు లాంటిది) కుదించుకుపోయి, పాదం బ్యాలే ఆడేవాళ్ళ పాదంలా బిగుసుకుపోయింది. తర్వాత దాన్ని సాగదీయడానికి మడమ దగ్గర ఇంకో ఆపరేషన్ కావాల్సి వచ్చింది. మొదటి నుంచీ పాదాన్ని తొంభై డిగ్రీల్లో పట్టి ఉంచే స్ప్లింట్ కట్టి ఉంటే అది తప్పేది. కట్లు ఉన్నా స్ప్లింట్ పెట్టొచ్చు, ఫిజియోథెరపిస్ట్‌ని ఈరోజే అడగండి.

పాదం పైకి లేపే కండరాలు పోయాయి కాబట్టి గట్టు మీద నడిస్తే బొటనవేలు తట్టుకునేది, చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలిసేది కాదు. ఏడాదికి, పాదాన్ని లోపలికి తిప్పే కండరం స్నాయువుని తీసి, రెండు ఎముకల మధ్య నుంచి ముందుకు తెచ్చి పాదం పైన కట్టారు. ఆరు వారాలు సిమెంట్ కట్టు. విప్పాక ఫిజియో అమ్మాయి "పాదం పైకి ఎత్తండన్నా" అంటే ఎత్తలేకపోయాను. "పైకి వద్దు, లోపలికి తిప్పుతున్నాననుకోండి" అంది. అనుకున్నాను. పాదం పైకి లేచింది! మా నాయన అక్కడే నిలబడి "ఏందిరా, నువ్వేనా లేపింది?" అన్నాడు. లోపలికి అనుకోకుండానే పైకి లేపడం అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులతో గుంటలన్నీ తిరుగుతాను. పరిగెత్తలేను. ఫ్లాప్ బన్ను అతికించినట్టు ఉబ్బెత్తుగా ఉంది, దాని మీద స్పర్శ లేదు. ఒకసారి చీమలు పట్టి కుట్టినా తెలియలేదు. అందుకే వేడినీళ్ళ కాపడం అసలు పెట్టనీయకండి, ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ పెట్టేస్తారు. పడుకునే ముందు ఆ చోటు ఒకసారి చూసుకోవాలి.

అక్కా, మీ తమ్ముణ్ణి కళ్ళు మూసుకోమని, అరికాలి మీద పెన్ను మొనతో గీసి చూడండి, తెలుస్తోందా? పాదాన్ని లోపలికి కొంచెమైనా తిప్పగలుగుతున్నాడా? ఆ రెండూ రాయండి. సర్జన్‌ని ఏమేం అడగాలో అప్పుడు చెప్తాను.